పాత మియాటా సీటు కుంగిందా? ఫోము మార్చాలా, సీటే మార్చాలా?

రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో డ్రైవరు సీటు కుంగిపోతే కారు ఇచ్చే ఆనందంలో సగం పోయినట్టే. కుటుంబ కారులో సీటు మెత్తబడితే నడుము నొప్పితో సరిపోతుంది. స్పోర్ట్స్ కారులో అలా కాదు. మలుపులో బరువు ఎటు మళ్ళుతోంది, వెనక చక్రాలు పట్టు వదులుతున్నాయా అన్న సంగతి చేతులకంటే ముందు తుంటికి తెలుస్తుంది. ఫోము చితికిపోయిన సీటులో ఆ కబురు మధ్యలోనే ఆగిపోతుంది. పైగా శరీరం పక్కకు జారకుండా ఆపుకోవడానికి స్టీరింగునే పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

ఈ వ్యాసానికి ఉదాహరణగా మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5ను తీసుకుంటున్నాను. అమెరికాలో అందరూ దాన్ని మియాటా అనే పిలుస్తారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఇది తొలిసారి జనం ముందుకు వచ్చింది. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు మనిషీ కారూ కలిసిపోవాలన్న ఆలోచనతో చీఫ్ ఇంజనీరు తోషిహికో హిరాయ్ బృందం దాన్ని తీర్చిదిద్దింది. ఆ తరం 1997తో ముగిసింది కాబట్టి ఇవాళ ఎంత బాగా చూసుకున్న కారుకైనా పాతికేళ్ళు దాటాయి. పాలీయురేథేన్ ఫోముకు అది చాలా పెద్ద వయసు. మన దేశంలో మజ్దా ఈ కారును అమ్మలేదు. అయితే అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఉంటూ వారాంతాల్లో నడుపుకోవడానికి, టాపు తీసి తిరిగే రెండు సీట్ల పాత రోడ్‌స్టర్ కొనుక్కునే తెలుగువాళ్ళు కొందరున్నారు, అక్కడ పనివాళ్ళ కూలి ఎంతో వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. సీటు కుషన్ మార్చడం ఇంట్లో చేసుకోదగిన పనే. చిక్కంతా ఏది మార్చాలో తేల్చుకోవడంలో ఉంది.

నా మాట ఒక్కటే: సీటులో ఏ పొర పాడైందో తెలియకుండా ఏదీ కొనకండి. కొత్త కవరు తెప్పించి తొడిగాక కూడా సీటు గుంటగానే ఉందని బాధపడేవాళ్ళు, కొత్త ఫోము వేశాక లోపం కింది స్ప్రింగులో ఉందని తెలుసుకునేవాళ్ళు చాలామంది.

ఏ పొర పాడైంది?

సీటును పైనుంచి కిందికి నాలుగు పొరలుగా చూడండి. పైన కవరు, దాని కింద ఫోము, ఫోమును మోసే స్ప్రింగులో పట్టీలో, అన్నిటికీ అడుగున ఇనుప చట్రం, దాని పట్టాలు. ఏ పొర పాడైనా కూర్చున్న మనిషికి ఒకేలా అనిపిస్తుంది, సీటు కుంగిందని. తేడా కనిపెట్టాల్సింది మనమే.

రెండు సీట్ల కారులో ఇందుకు చక్కటి సౌలభ్యం ఉంది. పక్క సీటు దాదాపు ఎప్పుడూ తక్కువ అరిగి ఉంటుంది, అదే మనకు కొలబద్ద. ఒక తిన్నని కర్రను సీటు రెండు అంచుల మీద అడ్డంగా పెట్టి, కర్ర నుంచి సీటు మధ్యభాగం ఎంత లోతులో ఉందో స్కేలుతో కొలవండి. రెండో సీటుకూ అలాగే కొలవండి. తర్వాత రెండింటిలో కూర్చుని చూడండి. డ్రైవరు సీటులో పిరుదుల కింద గట్టిగా ఏదో తగులుతుంటే ఫోము చితికిందన్నమాట. ఒకవైపుకే ఒరిగితే స్ప్రింగు తెగి ఉండవచ్చు, కొక్కెం ఊడి ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు సీటు మొత్తం టకటకమని కదిలితే ఫోముతో సంబంధం లేదు, అది పట్టాలదో బోల్టులదో సమస్య.

సీటు కింద కార్పెట్ మీద పసుపు రంగు పొడి రాలి ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఇక ఆలోచించక్కరలేదు, ఫోము పని అయిపోయింది. గాలిలోని తేమ, ఆక్సిజన్ ఏళ్ళ తరబడి తింటూ పోతే పాలీయురేథేన్ అలా పొడిగా మారుతుంది. పాత పరుపులో దూదిని ఏకించి మళ్ళీ నింపుకోగలం కానీ పొడిబారిన ఫోమును ఎవరూ తిరిగి బతికించలేరు. ఆవిరి పట్టిస్తే పొంగుతుందని కొందరు చెబుతారు. మడతపడిన ఫోము కాస్త సర్దుకోవడానికి, కవరు ముడతలు పోవడానికి ఆవిరి పనికొస్తుంది. చచ్చిన ఫోముకు అది మందు కాదు.

ఇక అంచుల సంగతి. తొడలను పక్కల నుంచి పట్టి ఉంచే ఎత్తైన భాగాన్ని బోల్‌స్టర్ అంటారు. స్పోర్ట్స్ కారులో ముందుగా చచ్చేది ఇదే, అదీ తలుపు వైపుది. ఎడమవైపు స్టీరింగు ఉన్న అమెరికా కారులో ఎడమ బోల్‌స్టర్, బ్రిటన్, ఆస్ట్రేలియా కార్లలో కుడి బోల్‌స్టర్. నేలకు అంత దగ్గరగా ఉన్న సీటులోకి దిగేటప్పుడూ లేచేటప్పుడూ బరువంతా ఆ అంచు మీదే పడి రుద్దుకుంటుంది. మధ్యభాగం బాగుండి ఈ అంచు ఒక్కటే అణిగిపోతే మొత్తం ఫోము మార్చడం దండగ.

పైన మెత్త వేసుకుంటే సరిపోదా?

చాలామందికి మొదట వచ్చే ఆలోచన ఇదే. దుకాణంలో జెల్ మెత్త కొని సీటు మీద పరిచేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. స్పోర్ట్స్ కారు విషయంలో దీన్ని నేను గట్టిగా వద్దంటాను.

మియాటాలో తలకూ టాపుకూ మధ్య ఉండే జాగానే తక్కువ. 3 సెంటీమీటర్ల మెత్త వేస్తే తల అంత పైకి పోతుంది. కారు బోల్తాపడితే తలను కాపాడే ఇనుప కమ్మీని, అంటే రోల్‌బార్‌ను, వెనక బిగించుకున్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడుపుకునే ట్రాక్ డేలు జరిపే చాలా క్లబ్బులు రోల్‌బార్ పైభాగం నుంచి ముందు అద్దం చట్రం పైభాగానికి కర్ర పెట్టి, హెల్మెట్ ఆ గీతకు దిగువనే ఉండాలంటాయి. 2 అంగుళాల దూరం అడిగేవాళ్ళూ ఉన్నారు. అంతకంటే పెద్ద ప్రమాదం సీటుబెల్టుతో. విడిగా పరిచిన మెత్త గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు జారుతుంది. ఢీకొన్నప్పుడు శరీరం దానితోపాటు జారి, నడుము పట్టీ తుంటి ఎముక మీద నుంచి మెత్తని పొట్ట మీదికి ఎక్కవచ్చు. సీటు ముందుభాగం కొంచెం ఎత్తుగా ఉండేది ఆ జారుడు ఆపడానికే. దాన్ని పనికిరాకుండా చేసే ఏ ఏర్పాటూ మంచిది కాదు.

పాత ఫోముకే అతుకు వేయడం

ఫోము రంగు మారినా నొక్కితే తిరిగి లేస్తుంటే, పాడైంది ఒక అంచో మధ్యలో ఒక గుంటో మాత్రమే అయితే, నా ఓటు దీనికే. ఖర్చు పదుల డాలర్లలోనే తేలిపోతుంది. కారుతో వచ్చిన అసలు ఫోము ఆకారం అలాగే ఉంటుంది, అది చిన్న సంగతి కాదు. ఫ్యాక్టరీలో ఫోమును అచ్చులో పోస్తారు. పైన సన్నని గట్టి చర్మం, లోపల కవరు తీగలు కూర్చునే గాళ్ళు, అన్నీ ఒకే ముక్కలో వస్తాయి. షీటు ఫోము కోసి ఆ ఆకారం తేవడం చేయి తిరిగినవాళ్ళకూ కష్టమే.

పద్ధతి ఇలా ఉంటుంది. చితికిన భాగాన్ని ఏటవాలు అంచులతో కోసి తీయాలి, నిట్టనిలువుగా కోస్తే అతుకు గీత కూర్చున్నప్పుడు తెలుస్తుంది. వంటింట్లో మాంసం కోసే విద్యుత్ కత్తి ఉంటే ఫోము వెన్నలా తెగుతుంది. లేకపోతే పళ్ళున్న పొడవాటి బ్రెడ్ కత్తి చాలు, నొక్కకుండా ముందుకూ వెనక్కూ లాగాలి. కొత్త ముక్కను గుంట కంటే కాస్త పెద్దదిగా కోసుకోండి. స్ప్రే కాంటాక్ట్ జిగురును రెండు ముఖాలకూ కొట్టి, వేలికి అంటుకోనంతగా ఆరాక అద్దాలి. తడి జిగురు మీద అద్దితే ఫోము దాన్ని తాగేస్తుంది, ఎండాక అక్కడ గట్టి గడ్డ మిగులుతుంది.

ముక్క ఏ ఫోముతో వేస్తున్నామన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే సొంతంగా చేసిన సీట్లలో ఎక్కువ శాతం చెడేది ఈ ఎంపిక దగ్గరే.

డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు

మన ఊళ్ళలో ఫోము దుకాణంలో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని అడుగుతాం. అది ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అమెరికాలో అదే విషయాన్ని ఘనపు అడుగుకు పౌన్లలో చెబుతారు. ఒక పౌను లెక్క మన లెక్కలో సుమారు 16. కాబట్టి అక్కడ 2.5 అని రాసి ఉంటే మన 40 డెన్సిటీ అనుకోండి, 2.8 అయితే 45.

ఎక్కువ డెన్సిటీ అంటే గట్టి ఫోము అనుకోవడం పొరపాటు. డెన్సిటీ ఆ ఫోము ఎన్నాళ్ళు మన్నుతుందో చెబుతుంది. గట్టిదనానికి వేరే అంకె ఉంది, ఐఎల్‌డీ అంటారు. 4 అంగుళాల మందం ఉన్న ఫోమును 50 చదరపు అంగుళాల గుండ్రటి పలకతో నాలుగో వంతు అణచడానికి ఎన్ని పౌన్ల బలం కావాలన్నదే ఆ అంకె. తక్కువ డెన్సిటీలో గట్టి ఫోము దొరుకుతుంది, ఎక్కువ డెన్సిటీలో మెత్తటిదీ దొరుకుతుంది. మొదటిది కొన్నరోజు అద్భుతంగా ఉండి ఏడాది తిరిగేసరికి కుంగుతుంది. సీటుకు కావలసింది కనీసం 40 డెన్సిటీ ఉన్న హై రెజిలియన్స్ రకం, అంటే నొక్కి వదిలితే చురుగ్గా లేచేది. గట్టిదనం మాత్రం మీ బరువును బట్టి, ముక్క వేసే చోటును బట్టి ఎంచుకోవాలి. బోల్‌స్టర్‌కు మధ్యభాగం కంటే గట్టిది వేయడమే సరి, దాని పని ఆపడం, మోయడం కాదు.

మెమరీ ఫోము జోలికి పోకండి. పరుపుల ప్రకటనలు చూసి చాలామంది దానికే మొగ్గుతారు. చలిలో అది చెక్కలా బిగుసుకుంటుంది, ఎండలో నిలిపిన కారులో ముద్దలా జావకారుతుంది. టాపు తీసి తిరిగే కారు రెండు వాతావరణాలూ చూస్తుంది. పైగా అది నెమ్మదిగా లేస్తుంది కాబట్టి మొదట్లో చెప్పిన ఆ కబురు తుంటికి అందదు. ముక్కల ఫోమును నొక్కి అతికించిన రీబాండెడ్ రకం బోల్‌స్టర్ లోపలి భాగానికి పనికొస్తుంది కానీ కూర్చునే చోట బండగా ఉంటుంది. మోకాళ్ళ కింద పరుచుకునే మూసిన కణాల ఫోము, అంటే యోగా చాప లాంటిది, ఒక సన్నని పొరగా అడుగున వేస్తే కుంగిన చోటు ఎత్తు పెరుగుతుంది. పైపొరగా వేస్తే చెమట బయటికి పోయే దారి ఉండదు.

సోఫాల కోసం అమ్మే ఫోముతో ఇంకో చిక్కు ఉంది, మంట. అమెరికాలో కారు లోపలి వస్తువులకు ఎఫ్‌ఎమ్‌విఎస్‌ఎస్ 302 అనే నిబంధన 1972 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. కొనేటప్పుడు ఈ నిబంధనకు సరిపోతుందా అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.

అచ్చులో పోసిన కొత్త ఫోము

మొత్తం ఫోము పొడిబారితే ఇదే ఉత్తమమైన దారి, దొరికితే. ఆకారం సరిగ్గా వస్తుంది, తీగల గాళ్ళు ముందే ఉంటాయి, పని సగం తగ్గుతుంది. అయితే దొరకడమన్నది కారును బట్టి ఉంటుంది. 1984 నుంచి 1996 దాకా వచ్చిన అమెరికా స్పోర్ట్స్ కారు కొర్వెట్ నాలుగో తరానికి, 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు కొత్త సీటు ఫోములు అమ్మేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. మియాటాకు తోలు కవర్లు దొరికినంత విరివిగా అచ్చు ఫోములు కనబడవు. మీ కారు ఏ ఏడాదిదో, సీటు ఏ రకమో సరిచూసుకుని మరీ ఆర్డరు పెట్టండి. కింది కుషన్ ఒక్కటేనా, వీపు భాగం కూడా వస్తుందా, ఒక సీటుకా రెండింటికా అన్నది వివరణలో వెతికి చదవాలి. అమ్మే బొమ్మలో రెండూ చూపించి పెట్టెలో ఒక్కటే పంపడం ఈ వ్యాపారంలో అరుదేమీ కాదు.

ఎంజీబీ గురించి ఒక మాట చెప్పాలి. అందులో ఫోము కింద ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు పట్టీలో, కొక్కాలతో బిగించిన రబ్బరు పలకో ఉంటుంది. ఆ రబ్బరు ఎండి చిరిగితే పైన ఎంత ఖరీదైన ఫోము వేసినా మనిషి నేలకు జారినట్టే కూర్చుంటాడు. ఆ కారులో ఫోము కొన్నరోజే రబ్బరూ కొనడం తెలివైన పని. స్ప్రింగులున్న ఏ సీటులోనైనా ఫోముకూ స్ప్రింగుకూ మధ్య గోనెగుడ్డ లాంటి దిట్టమైన బట్ట ఒకటి ఉండాలి. అది చినిగిపోతే తీగ నేరుగా ఫోమును కోస్తుంది. పాత సీటు విప్పగానే ఆ బట్ట చూడండి, లేకపోతే కొత్తది కోసి వేయండి. సీటులో అన్నిటికంటే చవకైన ముక్క అదే, ఫోము ఆయుష్షు మాత్రం దాని చేతిలోనే ఉంది.

పాత కార్ల యార్డు నుంచి ఇంకో సీటు

మియాటా యజమానులకు నేను ముందుగా చెప్పే దారి నిజానికి ఇది. తుక్కుగా అమ్ముడైన మియాటా యార్డులో కనబడితే దాని ప్రయాణికుడి సీటు మీద చేయి వేయండి. డ్రైవరు సీటు చింకిపోయినా పక్క సీటు ఫోము చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. ఆ సీటు తెచ్చుకుని అందులోని ఫోమును మీ కవరులోకి మార్చుకోవచ్చు. రెండు వైపుల ఫోములు అద్దంలో ప్రతిబింబంలా ఎడమ కుడి తేడాతో ఉండే అవకాశం ఉంది, అందుకని విప్పాక పక్కపక్కన పెట్టి, గాళ్ళూ అంచులూ కలుస్తున్నాయో లేదో చూసే తొడగాలి. కలవకపోతే అతుకులు వేయడానికి కారు ఫోమే దొరికినట్టయింది, అదీ లాభమే.

యార్డు సీటు కొనేముందు వాసన చూడండి. టాపు చిరిగిన కారులో ఏళ్ళ తరబడి వాన పడితే ఫోము ఆ నీటినంతా తాగి ఉంటుంది, పైకి ఆరినట్టు కనిపించినా లోపల బూజు ఉంటుంది. కింద పట్టాలకు పొరలుగా తుప్పు లేస్తుంటే వదిలేయండి. ఢీకొన్న కారులోని సీటు చట్రం వంగి ఉండవచ్చు, అలాంటి చోట ఫోము మాత్రం తీసుకుని చట్రం వదిలేయడం మేలు.

కవరు కూడా మార్చాలా, షాపుకు ఇవ్వాలా, బకెట్ సీటు పెట్టాలా

కవరు కుట్లు ఊడి, తోలు పగిలి ఉంటే ఫోముతోపాటే మార్చేయండి. పాత తోలును చితికిన ఫోము నుంచి తీసి నిండైన ఫోము మీదికి లాగినప్పుడు కుట్లు పడతాయా పోతాయా అన్నది అప్పుడు తేలుతుంది, అప్పటికి సీటు విడి భాగాలుగా నేల మీద ఉంటుంది. బట్ట కవరైతే ఈ భయం తక్కువ, అది సాగుతుంది. కుట్టి సిద్ధంగా అమ్మే కవర్లలో అసలు తోలు కంటే మంచి వినైల్‌ను తొడగడం తేలిక. తోలును ఎండలో కాసేపు వేడెక్కనిచ్చి తొడిగితే మాట వింటుంది.

సీట్లు కుట్టే అప్‌హోల్‌స్టరీ షాపుకు ఇచ్చేటట్టయితే సీటును మీరే విప్పి తీసుకెళ్ళండి, కూలిలో ఆ భాగం మిగులుతుంది. అసలు కుట్టు తీరు, రంగు చెడకుండా చూడాల్సిన అరుదైన కారు అయితే చేయి తిరిగిన పనివాడికి అప్పగించడంలో సందేహించక్కరలేదు. మామూలు మియాటాకు ఒక్క కుంగిన కుషన్ కోసం షాపు బిల్లు కట్టాలని నాకనిపించదు. ఆ డబ్బు టైర్లకు పెట్టుకోవచ్చు.

శరీరాన్ని రెండు పక్కలా గట్టి అంచులతో పట్టి ఉంచే రేసు తరహా బకెట్ సీటు పెట్టుకోవడం వేరే నిర్ణయం, కుంగిన ఫోముకు అది పరిష్కారం కాదు. ట్రాక్‌కు క్రమంగా వెళ్ళేవాళ్ళకు, పొడగరులకు అది నిజంగా మేలు చేస్తుంది, సీటు కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కానీ సీటుతోపాటు బ్రాకెట్లు, బెల్టు బిగించే చోటు, స్లైడర్లు అన్నీ మారతాయి. ఖర్చు వందల డాలర్లు, పెద్ద కంపెనీ సీట్లయితే వేలు. రోజూ ఎక్కి దిగేవాళ్ళకు ఆ గట్టి అంచులు తొందరగానే విసుగు తెప్పిస్తాయి. పొడగరి అయినంత మాత్రాన వెంటనే ఆ దారి పట్టక్కరలేదు. మియాటా కుషన్ అడుగు నుంచి కొంత ఫోము చెక్కి తలకు జాగా చేసుకోవడం ఆ కారు యజమానులలో పాత అలవాటు. చెక్కేది వెనకభాగంలోనే అయ్యుండాలి, ముందు ఎత్తును ముట్టుకోకూడదు. ఎందుకో పైన చెప్పాను.

చేతులారా చేసేటప్పుడు

విప్పడం కష్టం కాదు. మొదటి తరం మియాటాలో సీటు 4 బోల్టుల మీద నిలిచి ఉంటుంది, 14 మిల్లీమీటర్ల సాకెట్ చాలు. సీటును వెనక్కి జరిపి ముందువి, ముందుకు జరిపి వెనకవి తీయాలి. కింద బెల్టు హెచ్చరిక తీగ, కొన్ని కార్లలో తల దగ్గరి స్పీకర్ల తీగ ఉంటాయి, అవి ఊడదీయకుండా సీటు ఎత్తితే తెగుతాయి. ఆ తరంలో సీటు లోపల ఎయిర్‌బ్యాగు లేదు, కాబట్టి భయం తక్కువ. 2006 మోడలుతో మొదలైన మూడో తరం నుంచి సీటు పక్కలో ఎయిర్‌బ్యాగు ఉంటుంది, పసుపు కనెక్టర్ కనిపిస్తే అదే గుర్తు. అలాంటి కారులో బ్యాటరీ తీగ తీసి, వర్క్‌షాపు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చేయి పెట్టాలి. సీటు బయట ఉండగా ఇగ్నిషన్ వేయకూడదు. ప్రయాణికుడి బరువును పసిగట్టే సెన్సర్ ఉన్న కొత్త కార్లలో ఆ సీటు ఫోమును సొంతంగా మార్చొద్దని నా అభిప్రాయం. ఆ సెన్సర్ ఫోముతో కలిపి సరిచూసిన ఒకే జత, ఫోము మారితే ఎయిర్‌బ్యాగు లెక్క తప్పవచ్చు. మొదటి తరం మియాటా బ్యాటరీ కోసం బానెట్ ఎత్తి వెతకకండి, అది వెనక డిక్కీలో ఉంటుంది.

కవరు ఫోముకు హాగ్ రింగులనే చిన్న ఇనుప కడియాలతో బిగించి ఉంటుంది. కవరు కుట్టు సందులో ఒక తీగ, ఫోము గాడిలో మరో తీగ, రెండింటినీ కలిపి ఈ కడియం పట్టుకుంటుంది. సీటు మీద కనిపించే అందమైన లోతు గీతలు వీటివల్లే వస్తాయి. విప్పేటప్పుడు కట్టర్‌తో కత్తిరించాలి, తీగలను మాత్రం వంచకుండా దాచుకోవాలి. ప్రతి కడియం ఎక్కడుందో ఫోటోలు తీసుకోండి. మళ్ళీ బిగించడానికి హాగ్ రింగ్ ప్లయర్ అనే గాడి ఉన్న పటకారు కొనండి. మామూలు పటకారుతో కడియం జారుతుంది, సగం మూసుకున్న కడియం ఒక నెలలో ఊడుతుంది. ప్లాస్టిక్ జిప్ టైలతో కానిచ్చేవాళ్ళున్నారు. అడుగున కనబడని చోట పరవాలేదు, కూర్చునే గాళ్ళలో వద్దు, వాటి ముడి బొడిపెలా తగులుతుంది.

కొత్త ఫోము నిండుగా ఉంటుంది కాబట్టి పాత కవరు మొదట ఎక్కనంటుంది. ఫోము మీద పలుచని ప్లాస్టిక్ సంచి పరిచి కవరు జార్చి, కుదిరాక సంచిని లాగేయండి. కడియాలు మధ్య గాడి నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ సమంగా వేసుకుంటూ పోవాలి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళితే కుట్టు వంకర తిరుగుతుంది, అప్పుడు అన్నీ కత్తిరించి మళ్ళీ మొదలు. ఈ భాగానికి తొందర పనికిరాదు, కొత్తవాళ్ళు ఒక సీటుకు ఒక వారాంతం మొత్తం కేటాయించుకోవడం మంచిది.

సీటు కారులో పెట్టేటప్పుడు నాలుగు బోల్టులనూ ముందు చేత్తో తిప్పి మరలు పట్టాయని నిర్ధారించుకున్నాకే సాకెట్ వాడండి. అడ్డదిడ్డంగా పట్టిన మర కారు నేలలోని నట్టును పాడుచేస్తుంది, దాన్ని బాగుచేయడం ఫోము పనికంటే పెద్ద పని. బిగింపు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బోల్టును తిప్పే బలం) ప్రకారమే ఉండాలి, ఎందుకంటే ఢీకొన్నప్పుడు మనిషిని పట్టి ఉంచేవి ఆ బోల్టులే. సీటు ముందుకూ వెనక్కూ జరిపి రెండు పట్టాలూ ఒకేసారి టక్కుమని పడుతున్నాయా, బెల్టు హెచ్చరిక దీపం పనిచేస్తోందా చూసుకోండి. ఎత్తు మారి ఉంటుంది కాబట్టి అద్దాలు మళ్ళీ సర్దుకోవాలి.

కొత్త ఫోము మొదటి కొన్ని వారాల్లో కాస్త అణిగి స్థిరపడుతుంది, అందుకని మొదటిరోజే ఎత్తుగా ఉందని చెక్కడానికి తొందరపడవద్దు. అప్పటిదాకా పాత ఫోమును పారేయకుండా అట్టపెట్టెలో ఉంచండి. ఏ అంచైనా సరిగ్గా కుదరలేదనిపిస్తే కొలుచుకోవడానికి అసలు ఆకారం ఉన్నది దాని దగ్గరే.